ఎగిరేటప్పుడు పల్చన, వాలాక చిక్కన

(తలుపుకి కొట్టే స్ప్రే రంగులో దాగిన భౌతికశాస్త్రం)

మీ ఇంట్లోనో, బడిలోనో రంగు వేసిన తలుపొకటి ఉండే ఉంటుంది. దాని దగ్గరికి వెళ్లి, చెంపను తలుపుకి దాదాపు ఆనించి, వెలుతురు వచ్చే వైపుకి ఏటవాలుగా చూడండి. కుంచెతో వేసిన రంగయితే సన్నని గీతలు కనిపిస్తాయి. అవి కుంచె వెంట్రుకల జాడలు. స్ప్రే గన్‌తో కొట్టిన రంగులో ఆ గీతలుండవు. పని బాగా కుదిరితే అది అద్దంలా మెరుస్తుంది. కుదరకపోతే మాత్రం ఈ మూడింటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది:

1. కమలాపండు తొక్కలా చిన్న చిన్న గుంటలు.
2. కొవ్వొత్తి మైనం కారినట్టు పైనుంచి కిందికి చారలు.
3. చేత్తో నిమిరితే ఇసక చల్లినట్టు గరుకు.

ఇలా పాడైన రంగును పూర్తిగా ఆరనిచ్చి, ఉప్పు కాగితంతో అరగదీసి, మళ్లీ మొదటినుంచి కొట్టాలి. రంగు ఖర్చు రెండింతలు, కూలి రెండింతలు. ఈ లోపాలకు గన్ పాతదనీ, పనివాడు కొత్తవాడనీ అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం వేరు. రంగు చిక్కదనం అక్కడికి, ఆ వేళకి తగినట్టు లేకపోవడమే. చిక్కదనాన్ని కంటితో అంచనా వేయకుండా కొలవడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

రంగు డబ్బాలో ఏముంటాయి?

ఏ రంగులోనైనా ముఖ్యంగా మూడు భాగాలుంటాయి. మొదటిది వర్ణకం. ఇది మెత్తని పొడి. రంగునిచ్చేదీ, కింది చెక్కను కప్పేదీ ఇదే. రెండోది బంధకం. ఇది జిగురులాంటి నూనె లేదా రెసిన్. పొడిని పట్టి ఉంచి, చెక్కకు అంటుకుని, ఆరాక గట్టి పొరగా మారుతుంది. మూడోది ద్రావణి. అంగట్లో దీన్నే థిన్నర్ అంటారు. మొదటి రెండింటినీ ఒలికేట్టు చేసి, పని కాగానే గాలిలోకి ఆవిరైపోతుంది.

బంధకానికి ఒక మంచి ఉదాహరణ శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. పలాస, కాశీబుగ్గ జంట పట్టణాల జీడిపప్పు గురించి వినని వారుండరు. ఉద్దానం తోటల్లో పండిన జీడి పిక్కలు అక్కడికే చేరతాయి. పిక్కను కొట్టి పప్పు తీశాక మిగిలే పెంకులో, దాని బరువులో దాదాపు నాలుగో వంతు, ముదురు గోధుమరంగు నూనె ఉంటుంది. అది ఒంటికి తగిలితే చర్మం పొక్కుతుంది. అందుకే పిక్కలు కొట్టేవారు చేతులు జాగ్రత్తగా కాపాడుకోవాలి. ఈ నూనెలో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం. వేడిచేస్తే అందులోనుంచి కార్బన్ డై ఆక్సైడ్ బయటికి పోయి, కార్డనాల్ అనే పదార్థం మిగులుతుంది. వార్నిష్‌లలోనూ, ఓడలకు వేసే గట్టి రంగుల్లోనూ దీనితో తయారైన రెసిన్లు వాడతారు. జపానువారు అనాదిగా ఒక చెట్టు పాలతో చెక్కసామానుకి నల్లని లక్క మెరుగు పెడుతున్నారు. ఆ చెట్టూ, మన జీడిచెట్టూ, మామిడిచెట్టూ ఒకే కుటుంబానికి చెందినవి. అందువల్లనే జీడి నూనెతో చేసిన లక్క అక్కడ ఆ చెట్టు పాలకు బదులుగా వాడుకలోకి వచ్చింది. చల్లగా ఉన్నప్పుడు బంకలా సాగే జీడి నూనె వేడెక్కితే చురుగ్గా పారుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. ముందు ముందు అవసరమవుతుంది.

స్నిగ్ధత అంటే ఏమిటి?

నీళ్లు, ఆముదం ఒకేసారి వంచండి. నీళ్లు గబుక్కున పడతాయి. ఆముదం తీరిగ్గా దిగుతుంది. ద్రవంలోని ఒక పొర పక్క పొర మీద జారేటప్పుడు కలిగే అడ్డగింపే స్నిగ్ధత. మనం వాడుకలో చిక్కదనం అనేది ఇదే. అయితే చిక్కదనానికీ బరువుకీ సంబంధం లేదు. ఆముదం నీటి మీద తేలుతుంది. అయినా నీటికన్నా వందల రెట్లు చిక్కన.

స్ప్రే గన్‌లో రంగు సన్నని రంధ్రంలోంచి బయటికి వస్తుంది. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి దాని చుట్టూ అతివేగంగా దూసుకుపోతూ ఆ ధారను పీలికలుగా చించుతుంది. పీలికలు బొట్లవుతాయి. ఇక్కడ మూడు శక్తుల మధ్య పెనుగులాట జరుగుతుంది. గాలి చించాలని చూస్తుంది. తలతన్యత ద్రవాన్ని గుండ్రని బొట్లుగా ముడుచుకునేలా చేస్తుంది. స్నిగ్ధత ఆ చీలికను అడ్డుకుంటుంది. బెల్లం తీగపాకం గరిటె నుంచి తెగకుండా సాగడం మీరు చూశారు కదా! రంగు అలా చిక్కగా ఉంటే గాలి దాన్ని బాగా చించలేదు. పెద్ద పెద్ద బొట్లు వెళ్లి తలుపు మీద పడతాయి. అవి ఒకదానిలో ఒకటి కలిసిపోకముందే బిగుసుకుంటాయి. కమలాపండు తొక్క వచ్చేది అలాగే.

చిన్న లెక్క చేద్దాం. ఒక మిల్లీలీటరు రంగు ఒకే గుండ్రని బొట్టుగా ఉంటే దాని ఉపరితలం 5 చదరపు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. దానినే 40 మైక్రాన్ల వ్యాసం ఉన్న బొట్లుగా చిమ్మామనుకోండి. (1000 మైక్రాన్లు ఒక మిల్లీమీటరు.) అప్పుడు సుమారు 3 కోట్ల బొట్లు తయారవుతాయి. వాటన్నిటి ఉపరితలం కలిపితే 1500 చదరపు సెంటీమీటర్లు, అంటే 300 రెట్లు! తడిబట్టను ఉండగా చుట్టి పెట్టడానికీ, దండెం మీద పరిచి ఆరవేయడానికీ ఉన్న తేడా ఇదే. ఉపరితలం పెరిగితే ఆవిరవడం పెరుగుతుంది. గన్ నుంచి తలుపు దాకా ఉండే జానెడు దూరంలోనే థిన్నర్‌లో కొంత భాగం ఎగిరిపోతుంది. పల్చగా బయలుదేరిన రంగు కాస్త చిక్కబడి తలుపు మీద వాలుతుంది. వాలాక ఇంకా చిక్కబడుతుంది.

ఈ మార్పే స్ప్రే రంగుకి ప్రాణం. గాలికి చీలాలంటే పల్చగా ఉండాలి. నిలువు తలుపు మీద నిలవాలంటే చిక్కగా ఉండాలి. ఒకే రంగు రెండు రకాలుగా ఉండేట్టు చేసేది థిన్నరే.

సర్దుకోవాలి, జారకూడదు

తలుపు మీద వాలిన బొట్లు మొదట ఎగుడుదిగుడుగా ఉంటాయి. తలతన్యత ఆ గుట్టలను లాగి గుంటలను నింపి సమం చేస్తుంది. స్నిగ్ధత ఎంత ఎక్కువుంటే ఈ పని అంత నెమ్మదిస్తుంది. పొర మందం రెండింతలైతే సమం కావడం ఎనిమిది రెట్లు వేగంగా జరుగుతుందని లెక్కలు చెబుతాయి. అలలు ఎంత వెడల్పుగా ఉంటే అంత కష్టం: గుట్టకూ గుట్టకూ మధ్య దూరం రెండింతలైతే సమం కావడానికి 16 రెట్ల కాలం పడుతుంది. పెద్ద బొట్లు చేసిన గుంటలు పోకపోవడానికి ఇదొక కారణం.

“అయితే మందంగానే కొడదాం” అనుకుంటారేమో! అప్పుడు భూమ్యాకర్షణ ఊరుకోదు. నీటికి 100 రెట్ల స్నిగ్ధత ఉన్న రంగు, మిల్లీమీటరులో పదో వంతు మందాన నిలువు తలుపు మీద ఉందనుకుందాం. దాని పైపొర సెకనుకు సుమారు 0.6 మి.మీ. చొప్పున కిందికి జారుతుంది. అలాగే ఉండిపోతే నిమిషంలో మూడున్నర సెంటీమీటర్లు! థిన్నర్ ఎగిరిపోయి స్నిగ్ధత పది రెట్లు పెరిగితే జారుడు పదో వంతుకి, అంటే నిమిషానికి మూడున్నర మిల్లీమీటర్లకు తగ్గుతుంది. పొర మందం రెండింతలు చేస్తే మాత్రం పైపొర వేగం నాలుగింతలవుతుంది. అందుకే రంగును ఒకే దెబ్బకు మందంగా కొట్టరు. పల్చని పొర కొట్టి, కాస్త ఆరనిచ్చి, మరొకటి కొడతారు. సమం కావడానికి చాలినంత సేపు పల్చగా ఉండి, జారేలోగా చిక్కబడిన రంగే మంచి రంగు.

ఇద్దరు వైద్యులు

ఈ కథలో ఇద్దరు డాక్టర్లున్నారంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. మొదటివాడు ఫ్రాన్సు దేశస్థుడు పాయిజే. సన్నని రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతుందో తెలుసుకోవాలని, 1840 ప్రాంతంలో సన్నని గాజు గొట్టాలతో ప్రయోగాలు చేశాడు. సన్నని గొట్టంలో ప్రవాహం వ్యాసార్థపు నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుందని తేల్చాడు. అంటే వ్యాసార్థం సగమైతే ప్రవాహం పదహారో వంతే! గొట్టం లోపల ఎండిన రంగు పేరుకుని వ్యాసార్థం పదో వంతు తగ్గినా, ప్రవాహం మూడో వంతు తగ్గిపోతుంది. గన్‌ను పని కాగానే ఎందుకు కడగాలో దీన్నిబట్టి గ్రహించండి. స్నిగ్ధతకు వాడే ప్రమాణం ‘పాయిజ్’ ఆయన పేరునుంచే వచ్చింది. 20 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర నీటి స్నిగ్ధత అందులో నూరో వంతు, అంటే ఒక సెంటీపాయిజ్.

రెండోవాడు అమెరికాలోని అలెన్ డివిల్బిస్. రోగుల గొంతులోకి మందును తుంపరగా చిమ్మే పరికరం తయారుచేశాడు. ఆయన కొడుకు థామస్ అదే సూత్రంతో 1907లో రంగు చిమ్మే గన్ చేశాడు. 1920లలో డ్యూపాంట్ సంస్థ ‘డ్యూకో’ అనే పేరుతో నైట్రోసెల్యులోజ్ లాకర్‌ను కార్ల కోసం తెచ్చింది. అంతకుముందు ఒక కారుకి రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. ఈ లాకర్ నిమిషాల్లో ఆరిపోతుంది. కుంచెతో వేసే వ్యవధి కూడా ఇవ్వదు. కాబట్టి స్ప్రే గన్ తప్పనిసరయింది. మన ఊళ్లలో పనివారు ఇప్పటికీ గన్‌తో కొట్టే రంగును “డ్యూకో పెయింటు” అనడం వినే ఉంటారు.

సెకన్లలో కొలత

పాయిజ్‌లు కొలిచే పరికరాలు ఖరీదైనవి. కార్ఖానాలో అంతకన్నా తేలిక ఉపాయం ఉంది. అదే ఫోర్డ్ కప్పు. ఇది 100 మి.లీ. పట్టే చిన్న లోహపు గిన్నె. అడుగు గరాటులా ఏటవాలుగా ఉండి, మధ్యలో రంధ్రం ఉంటుంది. నాలుగో నంబరు కప్పులో ఈ రంధ్రం వ్యాసం 4 మి.మీ.కి కాస్త ఎక్కువ. రంధ్రాన్ని వేలితో మూసి, కప్పును అంచుదాకా రంగుతో నింపుతారు. వేలు తీయగానే గడియారం చూడటం మొదలుపెడతారు. కిందికి పడే ధార మొదటిసారి తెగిన క్షణంలో ఆపుతారు. ఎన్ని సెకన్లు పట్టిందో అదే ఆ రంగు చిక్కదనం.

డబ్బా తెరిచినప్పుడు కుంచెతో వేసే ఎనామిల్ రంగు ఈ కప్పులోంచి దిగడానికి నిమిషం దాటవచ్చు. మామూలు స్ప్రే గన్‌కి సాధారణంగా 18 నుంచి 25 సెకన్లు సరిపోతుంది. అయితే ప్రతి రంగుకీ దాని తయారీదారు చెప్పిన సంఖ్యే ప్రమాణం.

కొలిచేముందు రెండు పనులు చేయాలి. అడుగున దిగిన వర్ణకం కలిసేదాకా రంగును బాగా కలపాలి. తర్వాత పల్చని బట్టలో వడకట్టాలి. ఒక్క నలుసు రంధ్రానికి అడ్డుపడితే కొలత తప్పుతుంది.

కొలతను చెరిపేది మరొకటుంది: వేడి. జీడి నూనె సంగతి గుర్తుందా? ఆముదం లెక్క చూడండి. 20 డిగ్రీల దగ్గర దాని స్నిగ్ధత దాదాపు 1000 సెంటీపాయిజ్‌లు. 30 డిగ్రీల దగ్గర 450. 40 డిగ్రీల దగ్గర 230. పది డిగ్రీలు పెరిగితే సగానికి పడిపోయింది! రంగులు కూడా ఇదే దారిలో నడుస్తాయి, కాస్త హెచ్చుతగ్గులతో. అందుకే కొలతతోపాటు ఉష్ణోగ్రత రాయాలి. మన దేశంలో రంగుల కొలతలు తరచు 30 డిగ్రీల దగ్గర చెబుతారు. “లీటరుకి ఇంత థిన్నర్” అనే లెక్క సంక్రాంతి నాటి ఉదయం సరిపోతే, రోహిణి ఎండల్లో మధ్యాహ్నం సరిపోదు. సెకన్ల లెక్క మాత్రం రెండు పూటలా దారి చూపుతుంది.

మీరే చేసి చూడండి

ఈ ప్రయోగానికి అసలు రంగు, థిన్నర్ వాడవద్దు. బెల్లం పాకం చాలు.

ఒక ప్లాస్టిక్ గ్లాసు అడుగున పెద్దల సాయంతో సుమారు 4 మి.మీ. రంధ్రం చేయండి. వడకట్టి చల్లార్చిన చిక్కని పాకాన్ని అంచుదాకా పోసి, ధార తెగేదాకా ఎన్ని సెకన్లో రాసుకోండి. అదే పాకంలో ఒక చెంచా నీళ్లు కలిపి మళ్లీ కొలవండి. ఇలా ఆరేడు చెంచాలదాకా సాగించండి. గ్రాఫు కాగితం మీద అడ్డంగా చెంచాలు, నిలువుగా సెకన్లు వేసి గీత గీయండి.

ఆ గీత తిన్నగా రాదు. మొదట నిటారుగా పడిపోయి, తర్వాత వాలు తగ్గుతుంది. కాబట్టి రెండు చెంచాలకు 20 సెకన్లు తగ్గితే, నాలుగింటికి 40 తగ్గుతాయని లెక్కకట్టకూడదు. కలిపిన ప్రతిసారీ కొలవాలి. కలిపిన థిన్నర్‌ను తిరిగి తీయలేం కనుక కొంచెం కొంచెంగానే పోయాలి.

పల్చన ఎక్కువైతే నష్టమేమిటి? ఒక లీటరు రంగు 10 చదరపు మీటర్ల మీద సమంగా పడితే తడిపొర మందం 100 మైక్రాన్లు. అందులో ఆరాక మిగిలే భాగం నూటికి 40 పాళ్లయితే, ఎండిన పొర 40 మైక్రాన్లు. అదే రంగులో సమానంగా థిన్నర్ కలిపి అంతే తడిపొర వేస్తే, మిగిలేది 20 మైక్రాన్లే. కంటికి తలుపంతా కప్పినట్టే ఉంటుంది. వానకూ, సముద్రపు గాలికీ నిలబడే శక్తి మాత్రం ఉండదు.

తీరప్రాంతంలో గాలి తేమ

ఉద్దానంలో ఇంటికి పనస కలపతో తలుపులు చేయించుకోవడం కొత్త కాదు. ఆ పసుపు కలప అందం కనిపించేలా రంగులేని లాకర్ కొట్టారనుకోండి. వానాకాలంలో అయితే అది ఒక్కోసారి పాలు చల్లినట్టు తెల్లబడుతుంది. కారణం చిత్రమైనది. చేతిమీద స్పిరిట్ పూస్తే చల్లగా ఉంటుంది కదా! థిన్నర్ ఆవిరవుతూ పొర వేడిని తీసుకుపోతుంది. పొర చల్లబడితే, గాలిలోని తేమ దానిమీద మంచులా చేరుతుంది. చల్లని నీళ్ల చెంబు బయట నీటి బొట్లు పట్టినట్టే. ఆ నీరు లాకర్‌లో చిక్కుకుని తెల్లగా కనిపిస్తుంది. ఇక్కడ మరింత థిన్నర్ పోయడం మందు కాదు. నెమ్మదిగా ఆవిరయ్యే రకం థిన్నర్ వాడాలి, లేదా గాలి పొడిగా ఉన్న రోజుదాకా ఆగాలి.

ఎండాకాలంలో దీనికి వ్యతిరేకం జరుగుతుంది. బొట్లు తలుపును చేరకముందే ఆరిపోయి పొడిలా పడతాయి. నిమిరితే ఇసకలా తగిలే గరుకు ఇదే. దానికీ నెమ్మదిగా ఆరే థిన్నరే విరుగుడు. గన్‌ను తలుపుకి జానెడు దూరానికి మించి జరపకూడదు.

ఏ రంగుకి ఆ థిన్నరే వాడాలి. ఎనామిల్‌కి టర్పెంటైన్ సరిపోతుంది. నైట్రోసెల్యులోజ్ లాకర్‌లో అదే పోస్తే పాలు విరిగినట్టు విరిగిపోతుంది.

ఊపిరితిత్తుల సంగతి

మామూలు గన్‌లోంచి వచ్చిన రంగులో సగం కూడా తలుపుకి అంటదు. మిగిలింది గాలిలో తేలుతుంది. దాన్ని పీల్చేది పనిచేసేవారే. మూతికి కట్టిన తువ్వాలు పెద్ద తుంపరను కొంత ఆపవచ్చు. థిన్నర్ ఆవిరిని ఏమాత్రం ఆపదు. ఆవిరిని పీల్చే బొగ్గు గుళికలున్న మాస్కు కావాలి. గాలి ధారాళంగా వీచే చోట పనిచేయాలి. థిన్నర్ ఆవిరి నేలబారుగా పాకి దూరాన ఉన్న పొయ్యినుంచైనా అంటుకుంటుంది. చలిగా ఉందని రంగు డబ్బాను మంట మీద పెట్టడం ప్రాణాపాయం.

పాత తలుపులను అరగదీసేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. పూర్వపు రంగుల్లో సీసం ఉండేది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల్లో 90 పాళ్లకు మించకూడదని మన దేశంలో 2016లో నిబంధన చేశారు. అది 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగును పొడిగా గీకితే సీసపు దుమ్ము లేస్తుంది. తడిపి అరగదీయాలి, పసిపిల్లలను దూరంగా ఉంచాలి.

ఆలోచించండి

1. ఉదయం 22 సెకన్లు చూపిన రంగు, మూత పెట్టి ఉంచినా, మధ్యాహ్నం 17 సెకన్లు చూపింది. ఎవరూ థిన్నర్ కలపలేదు. ఏం జరిగింది?
2. అదే రంగును రోజంతా మూత లేకుండా వదిలేస్తే సెకన్లు పెరుగుతాయా, తగ్గుతాయా? ఎందుకు?
3. తలుపును నిలబెట్టకుండా బల్ల మీద పడుకోబెట్టి రంగు కొడితే ఏ లోపం రాదు? ఏ లోపం వచ్చే వీలు ఇంకా ఉంటుంది?

మీ ఊళ్లో రంగు పనిచేసేవారి దగ్గర ఒక గంటసేపు, కాస్త దూరంగా నిలబడి గమనించండి. కర్రను రంగులో ముంచి ఎత్తి, ధార జారే తీరు చూసి “ఇంకొంచెం పొయ్యాల” అంటారు. ఏళ్ల తరబడి చేసిన పని వారి కంటికి ఇచ్చిన కొలత అది. మీ గ్లాసూ గడియారమూ చేసేదీ అదే పని. తేడా ఒక్కటే: కంటికి తెలిసింది కంటితోనే ఉండిపోతుంది, సెకన్లలో రాసుకున్నది రేపు పనిలో చేరే కుర్రవాడికి కూడా అందుతుంది.